తువ్వాల కింద మిణుగురు

ఆర్మూర్ పసుపు మార్కెట్లో గంగాకిషన్ నవ్వగా చూసినవాళ్ళు లేరు. నవ్వితే ధర తగ్గుతుందని ఆయన భయం అని కొందరు, పళ్ళ మీద కూడా పసుపే ఉంటుందేమో అని కొందరు అనుకునేవాళ్ళు. అసలు సంగతి అంత పెద్దదేం కాదు. పద్నాలుగేళ్ళకే తండ్రి తీసుకొచ్చి అడ్తి దుకాణం గద్దె మీద కూర్చోబెట్టి, "గద్దె మీద కూసున్నోడు నవ్వద్దు బిడ్డా, నవ్వెటోని మాట రైతు నమ్మడు" అన్నాడు. పిల్లవాడు ఆ మాట పట్టుకున్నాడు, యాభై దాటినా వదల్లేదు. రైతులు బండ్ల మీద తెచ్చిన పసుపును కుప్ప పోయించి, ఖరీదుదారులను పిలిచి మంచి ధరకు అమ్మిపెట్టడం అడ్తిదారు పని. గంగాకిషన్ ఒక కొమ్ము విరిచి, లోపలి రంగు చూసి, "మంచి మాల్" అంటే అది మంచి మాలే. మార్కెట్లో ఆయన మాటకు అంత విలువ.

అటువంటి పెద్దమనిషి, పంతొమ్మిది వందల ఎనభై ఏడో ఎనభై ఎనిమిదో, ఒక మాఘమాసం మధ్యాహ్నం, తన గోదాములో బస్తాల చాటున కూర్చుని, బయటికి వినపడకుండా తువ్వాల కొస నోట్లో కుక్కుకుని, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఒళ్ళో పిల్లల పుస్తకం ఉంది.

అరచేతిలో ఇమిడే పుస్తకం. అట్ట మీద రెండు జడల అమ్మాయి నిలబడి సైకిలు తొక్కుతోంది. ఆమే సైకిలు సువర్ణ, వయసు పదహారు. తప్పిపోయిన నాన్నను వెతుక్కుంటూ, దారిలో పడ్డ ప్రతి దొంగ పనినీ బయటపెడుతూ, పుస్తకం తర్వాత పుస్తకంగా ఏడింటి నిండా తిరిగే పిల్ల. ఆమెకు ముగ్గురు జతగాళ్ళు. నలుగురూ కలిసి మిణుగురు దండు. వాళ్ళకు ఒక గుర్తు ఉంది. చీకట్లో ఎదుటి మనిషి ఎవరో తెలియనప్పుడు చెయ్యి అందుకుని, అరచేతి నడుమ బొటనవేలితో, మిణుగురు వెలిగి ఆరినట్టు, నొక్కి వదిలి నొక్కి వదలాలి. ఎదుటివాడు దండులో వాడైతే చిటికెనవేలు మెలివేసి బదులిస్తాడు. కాకపోతే పరుగెత్తడమే.

ఈ జబ్బు ఆయనకు బిడ్డ నుంచి అంటింది. బిడ్డ పెళ్ళయి కమ్మర్‌పల్లికి పోయాక ఆమె ట్రంకుపెట్టె అడుగున అద్దె పుస్తకం ఒకటి దొరికింది. ఇచ్చేసి వద్దామని బస్టాండు వైపు బయలుదేరాడు. నడుస్తూ ఊరికే ఒక పేజీ తిప్పాడు. తల ఎత్తేసరికి బస్టాండు దాటి చాలా దూరం పోయాడు. వెనక్కి తిరిగి, మళ్ళీ పేజీ తిప్పి, ఈసారి అటువైపు దాటిపోయాడు. పుస్తకం అయిపోయాక గానీ అద్దె పుస్తకాల దుకాణం కనపడలేదు.

పెద్దవాళ్ళ నవలలు ఆయన చదవక కాదు. వాటిలో అన్నదమ్ములు పొలం గట్టు కోసం కోర్టుకెక్కుతారు, మొగుడూ పెళ్ళామూ మాట్లాడుకోరు, మూడొందల పేజీలు నిట్టూర్చి ఆఖరికి ఎవరో ఒకరు పోతారు. ఆ భాగ్యమంతా మార్కెట్లో ఉచితంగానే దొరుకుతుంది, దానికి అద్దె ఎందుకు. సువర్ణ లోకంలో అట్లా కాదు. అక్కడ ప్రతిదీ మొట్టమొదటిసారి జరుగుతుంది. మొదటి అబద్ధం, మొదటి స్నేహం, మొదటి మోసం. ఎంత తప్పు జరిగినా సైకిలెక్కి గట్టిగా తొక్కితే సరిచేయొచ్చని ఆ పిల్ల నిజంగా నమ్ముతుంది. చదివినంతసేపూ గంగాకిషన్ కూడా నమ్మేవాడు. తన పదహారో ఏడు వచ్చినప్పుడు ఆయన గద్దె మీద ఉన్నాడు, దాన్ని వాడుకోనేలేదు. వాడని వస్తువు ఎప్పుడో చెడిపోయి ఉంటుందనుకున్నాడు. తీసి చూస్తే కొత్తగానే ఉంది. దాంతో ఆయన సంతోషానికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి.

అద్దె పుస్తకాల దుకాణం బస్టాండు పక్క సందులో. నడిపేది తార. మొగుడు మస్కట్ నుంచి పంపిన డబ్బుతో అందరిలా ఇంటి మీద ఇల్లు కట్టకుండా ఆమె పుస్తకాలు కొంది. అత్త ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుని నొసలు కొట్టుకుంటూ ఉంటుంది.

"బిడ్డెకు పుస్తకం నచ్చిందా కాకా?" అని అడిగేది తార, గంగాకిషన్ పోయినప్పుడల్లా.

"నచ్చిందట."

"నవ్విందా?"

"మస్తు నవ్వింది."

"కుక్కపిల్ల కాలువల పడి కొట్టుకపోయిన కాడ ఏడ్చిందా?"

గంగాకిషన్ గొంతు సవరించుకున్నాడు. "జర ఏడ్చింది."

"గంతగనం ఏడ్వద్దని చెప్పు కాకా. కండ్లు సూడు, ఎట్ల ఎర్రగయినయో," అంది తార, ఆయన కళ్ళలోకే చూస్తూ.

ఆయన బిడ్డ కమ్మర్‌పల్లిలో కాపురం చేసుకుంటోందనీ, పుస్తకం ముట్టి ఏళ్ళు గడిచాయనీ తారకు తెలుసు. తెలిసినా పైకి అనదు. అంటే గిరాకీ పోతుంది, పైగా ఇంత మంచి వినోదమూ పోతుంది.

ఆరో పుస్తకం దాకా బండి నడిచింది. ఆరో పుస్తకం ఆయన కొంప ముంచింది. దండులో దాసు అని ఒకడున్నాడు. మాట తక్కువ, మంచి ఈతగాడు, సువర్ణ కోసం ప్రాణమిచ్చేవాడు. అటువంటి దాసు ఆఖరి పేజీలో సువర్ణ సైకిలు గొలుసు తెంపేసి దొంగల జీపెక్కి వెళ్ళిపోయాడు. పుస్తకం అక్కడ అయిపోయింది. ఏడోది, ఆఖరిది, ఎప్పుడో ఉగాది ముందు గానీ రాదట. దాసు మోసగాడా, మోసగాడిలా నటిస్తున్నాడా? ఈ మాట ఎవరితోనైనా మాట్లాడకపోతే గంగాకిషన్‌కు అన్నం సహించేలా లేదు. ఎవరితో మాట్లాడాలి? నోట్లో నువ్వుగింజ నానని ఊరు అది. ఒకరి చెవిన పడితే కుప్పకుప్పకూ పాకుతుంది.

ఒక మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తూ ఆయన, "సువర్ణా, ఆగు, నేనొస్తున్న" అన్నాడు. పక్కనే బియ్యం చెరుగుతున్న సీతాబాయి చేతిలో చాట ఆగిపోయింది. లేచేసరికి భార్య తలదాపున కూర్చుని ఉంది.

"ఎవలు గా సువర్ణ?"

"ఎవలూ లేరు."

"ఏ ఊరామెది?"

"కాలువగట్టు," అన్నాడు గంగాకిషన్, నిద్రమత్తులో.

"ఏండ్లెన్ని?"

"పదారు."

అన్నాక ఆయనకు మెలకువ పూర్తిగా వచ్చింది. సీతాబాయి ముఖం చూశాక ఇంకా బాగా వచ్చింది. గబగబా పోయి, అటక మీద పాత గొడుగుల మధ్య దాచిన పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె అట్ట మీది రెండు జడల పిల్లను చూసింది, నెరిసిన మీసాల మొగుణ్ణి చూసింది, స్తంభం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎప్పటికో ఆగింది. ఇదే అదను అనుకుని ఆయన దాసు సంగతి ఎత్తుకున్నాడు. గొలుసు తెగే దాకా కూడా రాలేదు, ఆమె "పాలు పొంగుతున్నయ్" అని లేచింది.

వంటింటి గుమ్మంలో ఆగి మాత్రం ఒక మాట చెప్పింది. "నాకు చెప్తె చెప్పినవ్, మార్కెట్ల చెప్పకు. నీ మాట మీద పది ఊర్ల పసుపు అమ్ముడువోతది. పోరగాండ్ల బుక్కు చదివి ఏడుస్తడని తెలిస్తె రేపు నీ మాట ఎవలింటరు? ఉన్న ఇజ్జత్ పోతది."

ఆ మాట నిజమే. అందుకే ఆయన నోరు కుట్టేసుకున్నాడు. కుట్టుకున్న కొద్దీ కడుపు ఉబ్బింది.

ఆ ఉబ్బులోనే ఆయన కళ్ళకు ఇంకొకటి కనపడింది. తనకంటే ముందు ఎవరో ఈ పుస్తకాలు చదువుతున్నారు. పేజీల మూలల మీద పసుపు వేలిముద్రలు ఉన్నాయి. అంతేకాదు, కొన్ని పేజీల మూలలు మడిచి ఉన్నాయి. సరిగ్గా ఏ పేజీలో తనకు కుక్కపిల్ల కోసం కళ్ళు తడిశాయో ఆ పేజీ మడిచి ఉంది. ఏ పేజీలో దొంగల నాయకుడు పేడకుప్పలో పడితే తనకు నవ్వాగలేదో అదీ మడిచి ఉంది. ఊళ్ళో ఎక్కడో తనలాంటి గుండెకాయ ఇంకొకటి ఉందన్నమాట. అది ఎవరిదో తెలిస్తే చాలు, పోయి ఆ మనిషి పక్కన కూర్చుని తెల్లారేదాకా మాట్లాడాలని ఉంది.

"నాకన్న ముంగట ఎవలు తీస్కపోతున్నరు తారా?"

"ఒకాయన. మనుమని కొరకట."

"ఎవలాయన?"

"దవాఖానల ఒకల రోగం ఇంకొకలకు చెప్తరా కాకా?" అంది తార.

ఆయన సొంతంగా వెతకడం మొదలుపెట్టాడు. మార్కెట్లో ఎవరి వేళ్ళు పసుపుగా ఉన్నాయో చూశాడు. అందరివీ పసుపుగానే ఉన్నాయి. ఎవరి కళ్ళు ఎర్రగా ఉన్నాయో చూశాడు. పసుపు దుమ్ములో అందరివీ ఎర్రగానే ఉన్నాయి. ఒక ముసలి వ్యాపారి ఎందుకో తనలో తాను నవ్వుకుంటుంటే ఆశగా దగ్గరికి పోయాడు. ఆ పెద్దాయనకు మొలలు తగ్గాయట, అందుకని నవ్వుతున్నాడు.

అంతమందిలో ఒక్క మనిషి వైపు మాత్రం గంగాకిషన్ చూడలేదు. ఆ మనిషి లక్ష్మీరాజం. మార్కెట్లో అందరికంటే పెద్ద ఖరీదుదారు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళే. పదేళ్ళ కింద ఒకరోజు లక్ష్మీరాజం నలుగురిలో, "నీ పసుపుల మట్టి ఉన్నది" అన్నాడు. "మట్టి నీ కండ్లల్ల ఉన్నది" అన్నాడు గంగాకిషన్. చిలికి చిలికి గాలివాన అయింది. అప్పట్నుంచి ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. మాటల్లేవు, పెళ్ళి పిలుపుల్లేవు. ఎదురుపడితే ఇద్దరికీ ఒకేసారి తమ చెప్పుల మీద ప్రేమ పుట్టుకొచ్చి కిందికి చూసుకునేవారు.

మరి మాటల్లేకుండా వ్యాపారం ఎట్లా నడిచింది అంటే, ఆ మార్కెట్ పద్ధతి వాళ్ళను కాపాడింది. అక్కడ ధర నోటితో చెప్పరు. అడ్తిదారు కుప్ప దగ్గర నిలబడి చేతి మీద తువ్వాల కప్పుకుంటాడు. ఖరీదుదారులు ఒక్కొక్కరే వచ్చి దాని కింద చెయ్యి పెట్టి, వేళ్ళు పట్టి నొక్కి, ధర చెప్పి పోతారు. పక్కవాడికి కూడా తెలియదు. ఎవరిది ఎక్కువైతే మాల్ వాళ్ళది. ఈ పద్ధతిలో నోరు తెరవాల్సిన పని లేదు గనక, పదేళ్ళుగా ఆ ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటూనే ఉన్నారు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా.

ఏడో పుస్తకం వచ్చిన రోజు ఆలూర్ నుంచి రత్నవ్వ పసుపు తెచ్చింది. రత్నవ్వది రెండెకరాల చేను, గట్టి గొంతు. ఆమె కుప్ప పోయించే లోపల గంగాకిషన్ బస్టాండుకు పరుగులాంటి నడక నడిచాడు.

"ఈసారి మనుమని కన్న బిడ్డె ముంగట వచ్చింది," అంది తార, పుస్తకం ఇస్తూ.

బస్తాల చాటున చేరి ఆత్రంగా పేజీలు తిప్పాడు. సువర్ణ పాత మిల్లులో చిక్కుకుంది. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. ఎవరో వస్తున్న అడుగుల చప్పుడు. దగ్గరికి వచ్చింది. ఆగింది. ఒక చెయ్యి తడుముతూ వచ్చి ఆమె చేతికి తగిలింది. శత్రువో, మిత్రుడో. సువర్ణ ఊపిరి బిగబట్టి, ఆ అరచేతిలో బొటనవేలితో నొక్కి, వదిలి...

"సేటూ, అందరు వచ్చిండ్రు, కుప్ప కాడ నీ కొరకే సూస్తున్నరు," అన్నాడు హమాలీ చిన్నన్న, గోదాము తలుపు దగ్గర నిలబడి.

పుస్తకం బనీను లోపల దోపుకుని గంగాకిషన్ బయటికి వచ్చాడు. ఒళ్ళు వచ్చింది గానీ ప్రాణం మిల్లులోనే ఉండిపోయింది. తువ్వాల కప్పుకున్నాడు. ఒకరు వచ్చి వేళ్ళు నొక్కి పోయారు, ఇంకొకరు వచ్చి పోయారు. తర్వాత లక్ష్మీరాజం వచ్చాడు. ఎప్పటిలాగే ఆకాశం వైపు చూస్తూ తువ్వాల కింద చెయ్యి పెట్టాడు. తువ్వాల కింద చీకటి. చీకట్లో ఒక చెయ్యి తడుముతూ వచ్చి గంగాకిషన్ చేతికి తగిలింది. ఆయన బొటనవేలు ఆయన్ను అడగలేదు. ఆ అరచేతి నడుమ నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి వదిలింది.

చేసింది ఏమిటో అప్పుడు తెలిసింది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు. ఇంక అయిపోయింది. లక్ష్మీరాజం చెయ్యి లాగేసుకుంటాడు, గంగాకిషన్‌కు పిచ్చెక్కిందని నలుగురికీ చెబుతాడు, రేపట్నుంచి తన మాటకు విలువుండదు. ఇదంతా అనుకోవడానికి పట్టినంతసేపూ అవతలి చెయ్యి కదల్లేదు. తర్వాత నెమ్మదిగా, పసుపుకు పగుళ్ళిచ్చిన ఒక లావాటి చిటికెనవేలు వచ్చి ఆయన చిటికెనవేలి చుట్టూ మెలివేసుకుంది.

పైన ఇద్దరి ముఖాలూ రాళ్ళే. లక్ష్మీరాజం ఇంకా ఆకాశమే చూస్తున్నాడు. కాకపోతే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మనుమని కొరకు తీసుకుపోయేవాడు వీడా అని గంగాకిషన్‌కూ, బిడ్డె కొరకు తీసుకుపోతాడని తార అన్నవాడు వీడా అని లక్ష్మీరాజానికీ ఒకేసారి తట్టింది. ఇద్దరి పొట్టల్లోనూ నవ్వు పుట్టి గొంతు దాకా వచ్చి ఆగింది. చెయ్యి వదిలితే ఇదంతా కల అయిపోతుందేమోనని ఎవరూ వదల్లేదు. తువ్వాల కింద మిణుగురు వెలుగుతోంది, ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది.

చుట్టూ ఉన్నవాళ్ళకు మాత్రం వేరే సంగతి కనపడింది. రెప్పపాటులో ముగియాల్సిన బేరం ముగియడం లేదు. గంగాకిషన్ చెమటలు కక్కుతున్నాడు, లక్ష్మీరాజం చెవులు ఎర్రబడ్డాయి. అంటే ధర ఎక్కడికో పోతోందన్నమాట. పక్క కుప్పల దగ్గరివాళ్ళు చేతులు ఆపి ఇటు చూశారు. అమ్మబోతున్న రైతులు "జర ఆగుండ్రి" అన్నారు. మార్కెట్ అంతా ఊపిరి బిగబట్టి ఆ తువ్వాల వైపే చూసింది.

లక్ష్మీరాజం ఇంక ఆగలేకపోయాడు. పదేళ్ళ తర్వాత మొదటిసారి గంగాకిషన్ ముఖంలోకి చూసి, పదేళ్ళ తర్వాత మొదటి మాట మాట్లాడాడు.

"దాసు మంచోడేనా?"

గొంతు తగ్గించే అనుకున్నాడు గానీ, హమాలీల మీద అరిచి అరిచి పెరిగిన గొంతు, తగ్గలేదు. పది కుప్పల అవతలికి వినపడింది.

బద్ధశత్రువులు మాట్లాడుకున్నారు. మాట్లాడించినవాడు దాసు. ఎవరీ దాసు? సాంగ్లీ నుంచి వచ్చిన కొత్త సేటు అన్నాడొకడు. సాంగ్లీ కాదు, బొంబాయి అన్నాడు ఇంకొకడు. ఓడల మీద దుబాయికి పసుపు పంపుతాడట, ఎంతకైనా కొంటాడట. దాసు మంచివాడైతే ధర పెరుగుతుంది, మంచివాడు కాకపోతే మునిగిపోతాం అని అప్పటికప్పుడు లెక్క తేలింది. మార్కెట్ ఈ కొస నుంచి ఆ కొస దాకా మనుషులు ఒకరినొకరు పట్టుకుని, "దాసు మంచోడేనా, దాసు మంచోడేనా" అని అడుగుతున్నారు. వ్యాపారం ఆగిపోయింది. చాయ్ హోటలువాడు కూడా పొయ్యి మీద గిన్నె వదిలేసి వచ్చాడు.

అందరికంటే ముందు తేల్చుకున్నది రత్నవ్వ. "చిన్నన్నా, నా కుప్ప ఎత్తు. బండ్లెయ్యి. నేను దాసు సేటుకే అమ్ముత," అంది.

గంగాకిషన్ ఆకాశం చూశాడు. నిజాంసాగర్ వైపు మబ్బు నల్లగా లేస్తోంది. ఆలూర్ చేరేలోపు వాన పడుతుంది. తడిసిన కొమ్ము నల్లబడుతుంది, నల్లబడ్డ కొమ్మును ఎవరూ కొనరు. రత్నవ్వ ఏడాది కష్టమంతా ఆ బండిలో ఉంది. ఆమెను ఆపాలంటే దాసు ఎవరో చెప్పాలి. దాసు ఎవరో చెబితే తాను ఎవరో చెప్పినట్టే. సీతాబాయి మాట చెవిలో మోగింది. ఉన్న ఇజ్జత్ పోతది.

ఒక్క క్షణం ఆగాడు. సువర్ణ అయితే ఆగేది కాదనిపించింది. బనీనులో నుంచి పుస్తకం తీసి, రెండు జడల పిల్ల అందరికీ కనపడేట్టు తల మీదికి ఎత్తాడు.

"దాసు అనేటి సేటు ఎవలూ లేడు. గాడు గీ బుక్కుల ఉండే పోరడు. ఇది పిల్లల బుక్కు. నేను చదువుతున్న. ఏడు బుక్కులున్నయ్, ఆరు చదివిన. రత్నవ్వా, నీ పసుపు ఇయ్యాలనే అమ్ము, వాన వస్తది."

మార్కెట్ మొత్తం ఒక్కసారి పగలబడి నవ్వింది. హమాలీలు బస్తాల మీద పడి నవ్వారు, ఖరీదుదారులు ధోవతి కొసలతో కళ్ళు తుడుచుకుని నవ్వారు. గంగాకిషన్ పుస్తకం దించకుండా నిలబడ్డాడు. ముఖం మంట పుట్టింది. అప్పుడు లక్ష్మీరాజం వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు.

"నవ్వెటోళ్ళు నవ్వుండ్రి. నేను గూడ ఆరు చదివిన. కుక్కపిల్ల కాడ ఏడ్చిన గూడ."

నవ్వు ఇంకొంచెం పెరిగి, అలసిపోయి, తగ్గింది. అంతా సద్దుమణిగాక చిన్నన్న తల గోక్కుంటూ ముందుకొచ్చాడు.

"అది సరే గని సేటూ, మరి గాడు మంచోడేనా?"

ఎవరూ నవ్వలేదు. అందరూ జవాబు కోసం చూస్తున్నారు.

"నాకు గూడ ఇంక తెల్వదు చిన్నన్నా," అన్నాడు గంగాకిషన్.

రత్నవ్వ పసుపును వాన రాకముందే లక్ష్మీరాజం మంచి ధరకు కొన్నాడు. బస్తాలు తూచేలోపల ఆమె కథంతా అడిగి తెలుసుకుని, పోతూ పోతూ, గా పిల్లకు తండ్రి దొరుకుతడా అని అడిగి, తనకూ కబురు చేయమని చెప్పి మరీ బండెక్కింది. మర్నాడు పొద్దున కుప్పల దగ్గర గంగాకిషన్ మాట చెల్లుతుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. ఆయనకు ఆ రోజంతా ఆ భయం గుర్తే రాలేదు.

రేకుల మీద వాన మోగుతుంటే ఇద్దరూ గోదాములో బస్తాల చాటున చేరారు. మబ్బు చీకటికి కళ్ళజోడు లేనిదే అక్షరం కనపడటం లేదు, ఉన్నది లక్ష్మీరాజంది ఒక్కటే. దాన్ని మార్చుకుంటూ ఒకరు చదివితే ఒకరు విన్నారు. మిల్లులో చీకట్లో సువర్ణ పట్టుకున్న చెయ్యి దాసుదే. చిటికెనవేలు మెలివేసి బదులిచ్చాడు. ఆ పేజీ దగ్గర ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోలేక బస్తాల వైపు చూశారు. కానీ వాడు గొలుసు ఎందుకు తెంపాడో, జీపు ఎందుకు ఎక్కాడో ఆఖరి అధ్యాయం దాకా పుస్తకం చెప్పేట్టు లేదు. "మంచోడే" అన్నాడు గంగాకిషన్. "మంచోడైతె గొలుసెందుకు తెంపిండు" అన్నాడు లక్ష్మీరాజం. వాదులాడుకున్నారు. పదేళ్ళు కూడబెట్టుకున్న మాటలన్నీ దాసు మీద ఖర్చు పెట్టారు. గంగాకిషన్‌కు ప్రాణం తేలికైంది, ఎందుకు నవ్వుతున్నాడో కూడా చూసుకోకుండా నవ్వాడు.

ఆఖరి అధ్యాయం వచ్చింది. లక్ష్మీరాజం పేజీ మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇయ్యాల ఒద్దు."

"ఎందుకు?"

"ఇది అయిపోతె మల్ల మనం ఏం మాట్లాడుకుంటం?"

వాన వెలిసింది. లేచేటప్పుడు గంగాకిషన్ పుస్తకం మూసి లక్ష్మీరాజం చేతిలో పెట్టాడు.

"నీ తాన్నే ఉంచు. నా తాన ఉంటె నేను ఆగ."

"నేను ఆగుతనని ఎట్ల నమ్ముతవ్?"

"నాతోని మాట్లాడకుంట పదేండ్లు ఆగినవ్. ఒక్క పూట ఆగలేవా?"

మర్నాడు సూర్యుడు ఇంకా సరిగా లేవకముందే లక్ష్మీరాజం గంగాకిషన్ వాకిట్లో ఉన్నాడు. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. పదేళ్ళుగా తొక్కని గడప తొక్కుతున్నానన్న ఆలోచన కూడా ఆయనకు ఉన్నట్టు లేదు.

"చదివినవా?" అన్నాడు గంగాకిషన్, అనుమానంగా.

"లే. బియ్యం డబ్బల పెట్టి, మూత మీద రోలు పెట్టిపిచ్చిన. పొద్దుగాల రోలు దించెటోడు దొరకక పరేషాన్ అయిన. జల్ది తియ్యి."

సీతాబాయి లోపలి నుంచి రెండు కప్పుల చాయ్ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది. లక్ష్మీరాజాన్ని చూసి, "మంచిగున్నవా అన్నా," అంది, నిన్ననే వచ్చి పోయినవాణ్ణి పలకరించినట్టు. మళ్ళీ లోపలికి పోయి మూడో కప్పు తెచ్చుకుని, కొంగు సర్దుకుని వాళ్ళ మధ్య చాప మీద కూర్చుంది.

"నల్ల కాడ నీళ్ళు పట్టెటోళ్ళందరు దాసు మంచోడేనా అని నన్నడుగుతున్నరు. నాకేం తెల్వకపాయె. జర మొదటికెల్లి చెప్పుండ్రి," అంది.

లక్ష్మీరాజం పుస్తకం పక్కన పెట్టాడు. గంగాకిషన్ చాయ్ పక్కన పెట్టాడు. ఒకరిని ఒకరు ఆగమంటూ, ఒకరి మాట మీద ఒకరు పడుతూ, ఇద్దరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు.